కింది నంబరు తగ్గిందని నేనూ సంబరపడ్డాను

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీ నేను వదలకుండా చదువుతాను. బీపీ ఉన్నవాడికి ఆ పేజీ తప్పదు మరి. అయితే బీపీ గురించి, గుండె గురించి మీరు ఎప్పుడు రాసినా ఒకటే బొమ్మ వేస్తున్నారు. ఒక గొట్టం, దాని లోపల పసుపు రంగులో పేరుకున్న కొవ్వు, మిగిలిన సన్నటి సందులోంచి దూరుతున్న ఎర్ర కణాలు. ఆ బొమ్మ తప్పని నేననను. కానీ అదొక్కటే చూసీ చూసీ నాలాంటి వాళ్ల బుర్రలో రక్తనాళం పాడవడమంటే పూడుకుపోవడమే అని ముద్ర పడిపోయింది. పూడుకోకుండా కూడా నాళం పాడవుతుంది, గోడ గట్టిపడి. ఆ సంగతి తెలియక నా బీపీ లెక్కల్ని నేను పదిహేనేళ్లు తప్పుగా చదువుకున్నాను, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, కత్తిరించుకోండి, నంబర్లు మాత్రం తీసేయొద్దు.

నా వయసు 61. బీపీ ఉందని తెలిసింది 46వ ఏట. అప్పటినుంచీ ఒక గళ్ల నోట్‌బుక్కులో తేదీ, రీడింగు రాసుకుంటున్నాను. మొదటి పేజీలో 148/98 అని ఉంది, పక్కన ఎర్ర సిరాతో గీత. ఏడేళ్ల తర్వాత 152/90. మొన్నీమధ్య 164/76. నేనేం చేశానంటే, 98 కాస్తా 90 అయి, 90 కాస్తా 76 అయిందని చూసుకుని సంబరపడ్డాను. పైది కొంచెం ఎక్కువే ఉందిలే, వయసు మీద పడింది కదా, కిందిది మాత్రం కుర్రాళ్లకున్నట్టు ఉంది అని ఇంట్లో చెప్పుకున్నాను కూడా. మా తమ్ముడైతే ఇంకో అడుగు ముందుకేసి, "వయసుకి వంద కలుపుకో అన్నయ్యా, నీకు 161 వరకు మామూలే" అన్నాడు. ఈ వంద కలుపుడు లెక్క ఎవరు కనిపెట్టారో గానీ ఎన్ని ప్రాణాలు తీసిందో.

ఈ మధ్య డాక్టరుగారిని మార్చాల్సి వచ్చింది. కొత్తాయన నోట్‌బుక్కు తీసుకుని మొదటి పేజీ, మధ్య పేజీ, చివరి పేజీ చూశారు. "కింది నంబరు బాగా తగ్గింది కదండీ" అన్నాను గొప్పగా. ఆయన తల ఊపలేదు. పెన్ను తీసి మూడు రీడింగుల పక్కన మూడు అంకెలు రాశారు. 50. 62. 88. "ఇది చూడండి, మీరు రాయని గడి ఇది" అన్నారు.

పై నంబరులోంచి కింది నంబరు తీసేస్తే వచ్చేది. దాన్ని పల్స్ ప్రెషర్ అంటారట. గుండె కొట్టినప్పుడు నాళంలో ఒత్తిడి ఎంత ఎగిసిందో, కొట్టుడుకీ కొట్టుడుకీ మధ్య ఎంత పడిపోయిందో, ఆ ఎగుడుదిగుడు ఎంతో అదే చెబుతుంది. పెద్ద వయసువాళ్లలో అది 60 గానీ ఆపైన గానీ ఉంటే పెద్ద ధమనులు బిరుసెక్కాయనడానికి గుర్తుగా యూరప్ డాక్టర్ల మార్గదర్శకాలు లెక్కేస్తాయి. నాది 88.

ఇది అర్థం కావాలంటే గుండెలోంచి బయటికొచ్చే మహాధమని ఏం చేస్తుందో తెలియాలి. మనందరం దాన్ని పైపు అనుకుంటాం. పైపు కాదది, సాగే సంచీ లాంటి పైపు. గుండె ఒక్కసారి ముడుచుకుంటే సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం బయటికి చిమ్ముతుంది, అదీ సెకనులో మూడో వంతు కంటే తక్కువ సమయంలో. అదంతా ఒకేసారి ఒంట్లోకి దూసుకుపోకుండా మహాధమని ఉబ్బి, దాదాపు సగం రక్తాన్ని తన దగ్గర ఆపుకుంటుంది. గుండె సేద తీరుతున్నప్పుడు ఆ ఉబ్బిన గోడ వెనక్కి ముడుచుకుంటూ దాచుకున్న దాన్ని నెమ్మదిగా ముందుకు తోస్తుంది. గుండె ఆగి ఆగి కొట్టినా రక్తం ఆగి ఆగి పారకపోవడానికి కారణం ఇదే. స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లండు మతాచార్యుడు 1733లోనే దీన్ని పసిగట్టి, అప్పటి మంటలార్పే యంత్రంతో పోల్చాడు. ఆ యంత్రానికి చేత్తో పంపు కొడుతుంటే నీళ్లు కుదుపులు కుదుపులుగా వస్తాయి, మధ్యలో ఒక గాలి డబ్బా పెడితే ఆ గాలి నొక్కుకుని, మళ్లీ విచ్చుకుని, నీళ్లు ఏకధారగా బయటికొస్తాయి. గుర్రం ధమనికి గాజు గొట్టం తగిలించి రక్తం ఎంత ఎత్తు లేస్తుందో కొలిచింది కూడా ఈయనే.

ఇప్పుడు ఆ గాలి డబ్బా పాతబడి బిగుసుకుపోయిందనుకోండి. గుండె చిమ్మినప్పుడు గోడ సాగదు, అందుకని ఒత్తిడి ఒక్కసారిగా పైకి లేస్తుంది. అదే పై నంబరు పెరగడం. సాగనిది వెనక్కి ముడుచుకోలేదు కూడా, దాచుకున్నది తక్కువ కాబట్టి గుండె సేద తీరే వేళకి ఒత్తిడి జారిపోతుంది. అదే కింది నంబరు తగ్గడం. అంటే నేను మందు పనిచేసిందని మురిసిపోయిన ఆ 76లో మందు వాటా కొంత ఉంటే ఉండొచ్చు, మిగతాది నాళం బిరుసెక్కిన పుణ్యమే. డాక్టరుగారు ఈ మాట చెప్పినప్పుడు కాసేపు నాకు నోట మాట రాలేదు.

ఇది నా ఒక్కడి కథ కాదు. అమెరికాలో 1948 నుంచి ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్లో తరాల తరబడి జనాన్ని గమనిస్తూ వస్తున్నారు కదా, అక్కడ తేలింది కూడా ఇదే. పై నంబరు వయసుతోపాటు ఎక్కుతూనే పోతుంది, కిందిది యాభై, అరవై ఏళ్ల దాకా ఎక్కి ఆ తర్వాత దిగడం మొదలుపెడుతుంది. రెండు గీతలూ అక్కడ విడిపోతాయి. మనం సంతోషించేది సరిగ్గా ఆ విడిపోయే చోటే.

మరి డాక్టర్లకు మాత్రం ఇది ముందునుంచీ తెలుసా అంటే, వాళ్లు కూడా చాలాకాలం కింది నంబరునే పట్టుకు వేలాడారు. 1960ల్లో బీపీ మందుల మీద అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన పెద్ద ప్రయోగాల్లో మనుషుల్ని ఎంచుకున్నది కింది నంబరు చూసే. పైది పెరగడం ముసలితనంలో సహజం, దాన్ని తగ్గిస్తే మెదడుకు రక్తం అందదేమో అని భయం కూడా ఉండేది. 1991లో షెప్ అనే ప్రయోగం ఫలితాలు వచ్చాకే ఆ భయం వదిలింది. అందులో 60 ఏళ్లు దాటిన 4,736 మందిని తీసుకున్నారు, అందరికీ పైది 160 పైనే, కిందిది 90 లోపే, అంటే మన వంద కలుపుడు లెక్కగాళ్లు "ఏం ఫర్వాలేదు" అనే రకం. క్లోర్‌థాలిడోన్ అనే, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మామూలు మాత్రతో మొదలుపెట్టి వైద్యం చేస్తే పక్షవాతం 36 శాతం తగ్గింది. ఇది జరిగి ముప్పై ఏళ్లు దాటింది, అయినా ఆ పాత మాట మన ఇళ్లల్లోంచి ఇంకా పోలేదు.

గోడ ఎందుకు గట్టిపడుతుంది? ధమని గోడ మధ్య పొరలో ఎలాస్టిన్ అనే సాగే పోగులుంటాయి. వీటిని ఒళ్లు చిన్నతనంలోనే తయారుచేసి పెట్టేస్తుంది, పెద్దయ్యాక కొత్తవి తయారుకావడం దాదాపు ఉండదు. గుండె రోజుకు లక్షసార్లకు పైగా కొట్టుకుంటుంది, 60 ఏళ్లకు లెక్కేస్తే 220 కోట్లు దాటుతుంది. అన్నిసార్లు సాగి ముడుచుకున్న రబ్బరు బ్యాండు ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పోగులు చిట్లుతాయి, ఆ ఖాళీల్లో కొల్లాజెన్ అనే గట్టి పోగులు చేరతాయి. ఎలాస్టిన్‌తో పోలిస్తే అది వందల రెట్లు బిరుసు. బీపీ ఎక్కువుంటే ప్రతి కొట్టుడుకీ సాగడం ఎక్కువ, కాబట్టి చిట్లడమూ తొందరే. దీనికి షుగర్ తోడైతే రక్తంలో మిగిలిపోయిన చక్కెర ఆ పోగుల్ని ఒకదానికొకటి అతికించేస్తుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో గోడ మధ్య పొరలోనే కాల్షియం పేరుకుంటుంది. సిగరెట్టు సంగతి సరేసరి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది, నన్ను బాగా కుదిపింది ఇదే. బీపీ వల్ల నాళం గట్టిపడుతుందని మాత్రమే అనుకునేవాణ్ణి. 2012లో ఫ్రేమింగ్‌హామ్ వాళ్లే ప్రచురించిన పరిశీలనలో, ముందు నాళం బిరుసుగా ఉన్నవాళ్లకే ఏడేళ్ల తర్వాత బీపీ ఎక్కువగా వచ్చిందని తేలింది. అంటే చక్రం రెండు వైపులా తిరుగుతుంది, గోడ గట్టిపడితే బీపీ, బీపీ పెరిగితే గోడ ఇంకా గట్టి. "నాకింకా బీపీ రాలేదుగా" అనుకునే నలభై ఏళ్లవాళ్లు ఇది చదవాలి.

గట్టిపడితే ఏమవుతుంది అంటారా? మొదటి దెబ్బ గుండెకే. గుండె కొట్టిన ప్రతిసారీ ఒక అల బయల్దేరి ధమనుల వెంట పరుగెడుతుంది, నాళాలు చీలే చోట, సన్నబడే చోట కొట్టుకుని కొంత వెనక్కి తిరిగొస్తుంది. సాగే నాళంలో ఆ అల నింపాదిగా నడుస్తుంది, తిరిగొచ్చేసరికి గుండె విశ్రాంతిలో ఉంటుంది, ఆ తోపుడు గుండె తన సొంత నాళాల్లోకి రక్తం నింపుకోవడానికి సాయపడుతుంది. బిరుసు నాళంలో అల పరుగెత్తుకెళ్లి పరుగెత్తుకొచ్చేస్తుంది, గుండె ఇంకా ముడుచుకునే ఉండగానే ఎదురొచ్చి కొడుతుంది. తలుపు తోస్తుంటే అవతలినుంచి ఎవరో తోసినట్టు. ఏళ్లు గడిచేకొద్దీ ఎడమ జఠరిక, అంటే ఒంట్లోకి రక్తాన్ని చిమ్మే గుండె గది, దాని గోడ మందమవుతుంది. మందమైన కండకు రక్తం ఎక్కువ కావాలి, అది అందేది గుండె విశ్రాంతిలో ఉన్నప్పుడు, ఆ విశ్రాంతిలోని ఒత్తిడే కదా మన కింది నంబరు, అదేమో పడిపోయింది. ఖర్చు పెరిగి ఆదాయం తగ్గినట్టు.

రెండో దెబ్బ మెదడుకి, కిడ్నీలకి. ఈ రెండూ ఒంట్లో అన్నిటికంటే తెరిచి పెట్టిన తలుపుల్లాంటివి, వాటిలోకి రక్తం ఎప్పుడూ ధారాళంగా పోతుండాలి. మామూలుగా మహాధమని ఆ కుదుపుని తను మింగేసి, వాటికి మెత్తటి ప్రవాహం పంపిస్తుంది. అది మింగలేనప్పుడు ఆ కుదుపు నేరుగా వెంట్రుక కంటే సన్నటి నాళాల దాకా వెళ్లి కొడుతుంది. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీను పడటం, మెదడు స్కానులో అక్కడక్కడా తెల్లటి మచ్చలు కనబడటం, మతిమరుపు పెరగడం, వీటికీ బిరుసు నాళాలకూ ఉన్న సంబంధం ఒకటి కాదు, చాలా అధ్యయనాల్లో కనబడింది. యాంజియోగ్రామ్ తీయించుకుని "ఒక్క బ్లాకు కూడా లేదు" అని ధైర్యంగా ఇంటికొచ్చే వాళ్లున్నారు చూడండి, ఆ పరీక్ష గొట్టం లోపలి దారిని చూపిస్తుంది తప్ప గోడ ఎంత సాగుతోందో చూపించదు. దీనికి స్టెంటు కూడా లేదు.

బిరుసుని కొలవడానికి వేరే పద్ధతి ఉంది. మెడ దగ్గర నాడి మీద ఒక సెన్సరు, గజ్జ దగ్గర నాడి మీద ఇంకోటి పెట్టి, అల అక్కణ్ణుంచి ఇక్కడికి ఎంతసేపట్లో వచ్చిందో చూస్తారు. ఇది రక్తం పారే వేగం కాదు, అల వేగం, రక్తం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. సెకనుకు 10 మీటర్లు దాటితే ప్రమాదం వైపు లెక్క. 2001లో ఫ్రాన్స్‌లో 1,980 మంది బీపీ పేషెంట్ల వివరాలు ప్రచురించారు, ఈ వేగం ఎక్కువున్నవాళ్లలో గుండె జబ్బు మరణాలు ఎక్కువని, వయసూ షుగరూ లాంటివి పక్కకు తీసి చూసినా ఆ తేడా నిలిచిందని అందులో తేలింది. 2010లో 17 అధ్యయనాలు కలిపి 15,877 మంది లెక్క తీస్తే, సెకనుకు ఒక్క మీటరు పెరిగినా గుండెపోటు, పక్షవాతం లాంటివి వచ్చే ముప్పు 14 శాతం పెరుగుతోందని వచ్చింది.

ఇదంతా విని ఆ టెన్షన్‌లో నేనూ ఒక చోట పరీక్ష చేయించుకున్నాను. ఎక్కడో పేరు అనవసరం. లిఫ్టు పాడై మూడంతస్తులు మెట్లెక్కి, బిల్లు దగ్గర చిన్న గొడవపడి, ఆ ఊపులోనే బల్ల మీద పడుకున్నాను. 11.8 వచ్చింది. కాగితం మీద "మీ రక్తనాళాల వయసు" అంటూ ఎర్ర బాణం, పక్కనే "నాళాలను మెత్తబరిచే" పొడి డబ్బా కొనమని సలహా. డాక్టరుగారు ఆ కాగితం మడిచి పక్కన పెట్టారు. అల వేగం ఆ క్షణంలో ఉన్న బీపీని బట్టి కూడా మారుతుందట, ఆయాసంలో, కోపంలో చేస్తే ఎక్కువే చూపిస్తుంది. ఇంకోసారి పావుగంట పడుకోబెట్టి చేయిస్తే 10.4. ఇదీ తక్కువేం కాదు, కానీ ఎర్ర బాణం అంత కాదు. ఆ పొడి కొనలేదు. కేవలం బిరుసు తగ్గించడానికని ప్రత్యేకమైన మందేదీ వైద్యంలో వాడుకలో లేదని ఆయన చెప్పారు, మీ పేపర్లో అలాంటి పొడుల ప్రకటనలు వార్తల్లా వస్తున్నాయి, ఆ విషయం మీరే ఆలోచించుకోవాలి.

అందరూ ఆ పరీక్షకు పరుగెత్తక్కర్లేదని నా అభిప్రాయం. నోట్‌బుక్కులో మూడో గడి గీసుకుంటే చాలు, పైసా ఖర్చు లేదు. అయితే తేడా ఎక్కువుంటే అది నాళం బిరుసే అని మనమే తీర్పు చెప్పేసుకోకూడదు, రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువవడం, గుండె కవాటం కారడం, వీటివల్ల కూడా తేడా పెరుగుతుంది. ఆ తేల్చే పని డాక్టరుది. మన పని కొలవడం, అదైనా సరిగ్గా కొలవడం. కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేలమీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఆనించి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక. మాట్లాడకుండా. మా పాత ఆసుపత్రిలో నర్సమ్మ పట్టీ చుడుతూ పిల్లల చదువుల గురించి అడిగేది, నేను ఉత్సాహంగా చెప్పేవాణ్ణి, ఆ రీడింగు ఆమె రాసేది, దానిమీద డాక్టరు మాత్ర మార్చేవారు. ఇంట్లో అయితే ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి, 135/85 దగ్గర్నుంచీ ఎక్కువే అనుకోవాలి.

వైద్యం విషయానికొస్తే చిట్లిన పోగుల్ని మళ్లీ అతికించలేం, కానీ చేతులెత్తేయక్కర్లేదు కూడా. ఒత్తిడి తగ్గితే గోడ మీద లాగుడు తగ్గుతుంది, అల వేగమూ తగ్గుతుంది. మందుల్లోనూ తేడాలున్నాయి. 2006లో వచ్చిన కేఫ్ అనే అధ్యయనంలో అటెనలాల్ అనే బీపీ మాత్రతో మొదలుపెట్టిన వాళ్లకీ అమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మాత్రతో మొదలుపెట్టిన వాళ్లకీ చేతి మీద బీపీ దాదాపు ఒకటే, గుండె దగ్గర మహాధమనిలో మాత్రం అమ్లోడిపిన్ వాళ్లకు పై నంబరు 4 మిల్లీమీటర్లకు (బీపీ నంబర్లన్నీ ఈ కొలతలోనే) పైగా తక్కువ. ఇది చదివి ఎవరూ మాత్ర మార్చేసుకోవద్దు, అటెనలాల్ లాంటివి గుండె లయకీ, గుండెపోటు వచ్చినవాళ్లకీ వేరే కారణాలతో రాస్తారు, హఠాత్తుగా ఆపితే ప్రమాదం. నాలాంటి వాళ్లకు ఇంకో చిక్కు, పైది తగ్గించబోతే కిందిది ఇంకా జారుతుంది. అందుకే డాక్టరుగారు మాత్ర నెమ్మదిగా పెంచుతున్నారు, ప్రతిసారీ నిలబెట్టి కూడా చూస్తున్నారు, లేచాక మూడు నిమిషాల్లో పైది 20 పడిపోతే కళ్లు తిరిగి పడిపోతామని. మిగతావి మీరు రోజూ రాసేవే, ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, నడక, సిగరెట్టు మానడం. కాకపోతే వీటిని కొవ్వు కరిగించడానికి అని రాస్తున్నారు. ఉప్పు తగ్గిస్తే, రోజూ చెమట పట్టేలా నడిస్తే గోడ బిరుసు కూడా కొంత తగ్గుతుందని ఒక్క ముక్క కలపండి, కొలెస్ట్రాల్ బాగుందని నడక మానేసిన నాలాంటి వాడు మళ్లీ చెప్పులేసుకుంటాడు.

మీతో నా పేచీ చిన్నదే. మీ డాక్టరు సలహాల శీర్షికలో పాఠకులు "నా బీపీ 160 ఉంటోంది" అని రాస్తే మీరు 160 అనే వేస్తున్నారు, కిందిది అడగడం లేదు. ఇకమీద రెండూ అడిగి వేయండి, పక్కన తేడా కూడా వేయండి. ఆ పసుపు కొవ్వు బొమ్మ పక్కన, లోపల శుభ్రంగా ఉండి గోడ మాత్రం బిగుసుకున్న గొట్టం బొమ్మ ఇంకోటి గీయించండి. ఈ ఉత్తరం ఆపి ఇప్పుడే ఒకసారి చూసుకున్నాను, మాట్లాడకుండా, ఐదు నిమిషాలు కూర్చున్నాకే. 142/74. మూడో గడిలో 68 రాశాను, ఎర్ర సిరాతోనే.

ఇట్లు,
మీ పాఠకుడు